గవాక్షిలో గొంగడి

మా నీళ్ళగది గవాక్షిలోంచి నేను పీకి పారేసిన గుడ్డలన్నీ దాచిపెట్టి ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపడా బొంతలు కుట్టేదాన్ని. ఇంటిల్లిపాది అంటే నేనొక్కదాన్నే, అది వేరే సంగతి. తువ్వాళ్ళు, చిరిగిన ధోవతులు, పసిపిల్లల పొత్తిగుడ్డలు, వరిగడ్డి, ఆఖరికి ఒక పెద్దమనిషి విప్పి కుక్కిన తలరుమాలు కూడా ఆ కంతలోంచి తీశాను. ఆయన ఉత్త తలతో దర్శనానికి పోలేక వాకిట్లో నిలబడి "నా రుమాలేదమ్మా" అని అడుగుతుంటే, "మసిబట్టలల్ల ఉంది, పోయి ఏరుకో" అన్నాను. నా నోరు అప్పటికే మంచిది కాదు.

మా ఇల్లు యాదగిరిగుట్ట కింద, మెట్లదారికి కాస్త ఎడంగా ఉండేది. మూడు గదులు, నడుమ వాకిలి, వెనకాల నీళ్ళగది. మా ఆయన జ్వరంతో పోయాడు. భువనగిరి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే, బండిలోనే. అప్పటికి మాకు పెళ్ళై ఎన్నేళ్ళో కాలేదు, పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేయమని మా అన్న పిలిచాడు గానీ వదిన పిలవలేదు. అందుకని ఒక గది నాకు ఉంచుకుని, తక్కిన రెండూ యాత్రికులకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాను. రాయగిరి స్టేషన్లో రైలు దిగి జట్కాల్లో వచ్చేవాళ్ళు. ఒక రోజు ఉండేవాళ్ళు, మహా అయితే రెండు రోజులు. దర్శనం కాగానే పోయేవాళ్ళు. వచ్చిన వాళ్ళందరూ దేవుడికోసం వచ్చినవాళ్ళే, నాకోసం వచ్చిన మనిషి లేడు.

గుట్ట కింద కిరాయి గదులకు కొదువ లేదు. మా ఇంటికే జనం రావడానికి ఒక కారణం ఉంది. మా దగ్గర రాగి బాయిలర్ ఉంది. నిలువెత్తు అండా లాంటిది, నడుమ గొట్టం, గొట్టంలో బొగ్గునిప్పులు, చుట్టూ నీళ్ళు, పక్కన ఇత్తడి నల్లా. భువనగిరి నుంచి ఒక ముసలి కంచరాయన తెచ్చి నిలబెట్టిపోయాడు. పోతూ పోతూ నీళ్ళగదిలో పైన గవాక్షి, తలుపు కింద జానెడు సందు ఉన్నాయో లేదో చూసుకుని, "బిడ్డా, గీ రెండూ మూయనియ్యకు. బొగ్గు గాలి తాగుతది. దానికి గాలి దొరకకుంటె మనిషి గాలి తాగుతది" అన్నాడు. నేను తల ఊపాను. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకునే రోజు తొందరగానే వచ్చింది. మొదటి చలికాలం, గదులు రెండూ ఖాళీగా ఉన్నాయి. చలికి ఓర్వలేక నేనే గవాక్షిలో గోనెసంచి కుక్కి, వేడివేడిగా తలంటుకుందామని కూర్చున్నాను. కణతలు అదిరాయి. లేద్దామంటే మోకాళ్ళు లేవు. పాకుతూ వచ్చి గడియ తీసినట్టు గుర్తుంది, ఆ తర్వాత గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి తల గడప మీద, ఒళ్ళు లోపల. వాకిట్లో ఒక కోతి కూర్చుని నా సబ్బు కొరుకుతోంది. ఎవరినైనా పిలుద్దామని నోరు తెరిచి, ఎవరిని పిలవాలో తోచక మళ్ళీ మూసుకున్నాను. నేను అక్కడే చచ్చి ఉంటే, ఎవరో ఒకరు గది అడగడానికి వచ్చేదాకా తెలిసేది కాదు. ఆ రోజు తడిబట్టలతో అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అప్పటినుంచీ నాకు ఒక్కటే భయం. ఈ గదిలో ఎవరి ప్రాణమూ పోకూడదు. దేవుడికి మొక్కు చెల్లించుకోవడానికి వచ్చినవాళ్ళు నా ఇంట్లో శవాలై పోకూడదు.

కానీ యాత్రికులకు చెప్పి ఒప్పించడం నా తరమా? ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం. మగవాళ్ళకు కోతుల గోల. నిజమే, గుట్ట కోతులు మామూలువి కావు, గవాక్షిలోంచి చెయ్యి పెట్టి పంచెలు లాక్కుపోయేవి. ఇనుప జాలీ కొట్టించాను. కోతులు ఆగాయి, గుడ్డలు ఆగలేదు. ఆడవాళ్ళకు ఎవరో చూస్తారని భయం. "గంత మీదికెల్లి ఎవడు జూస్తడమ్మా, నిచ్చెనేసుకొనొస్తడా?" అంటే, "ఏమో, ఎవలికెరుక" అనేవాళ్ళు. ముసలివాళ్ళకు చలి. ఇంకొందరికి వేడి వృథాగా పోతోందని బాధ. కిరాయి కట్టింది వేడికట, అది కంతలోంచి బయటికి పోతోందట! బాయిలర్‌ని బయటే పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అదీ చేసి చూశాను. వారం తిరక్కుండానే ఎవడో సచ్చినోడు ఇత్తడి నల్లా విప్పుకుని పోయాడు. మళ్ళీ లోపలికే చేర్చాను.

తిట్టాను, బతిమాలాను, దండం పెట్టాను. "పానం పోతది" అంటే నవ్వేవాళ్ళు. "పొగ లేదు గద, పానమెట్ల పోతదమ్మా?" అనేవాళ్ళు. అదే కదా దాని మాయ. పొగ ఉంటే దగ్గొస్తుంది, మనిషి తనంత తానే బయటికి ఉరుకుతాడు. ఎర్రటి బొగ్గుకు పొగా ఉండదు, వాసనా ఉండదు.

ఆఖరికి నాకు తోచిన ఉపాయం పలకరింపు. ఎవరు స్నానానికి పోయినా తలుపు బయట పీట వేసుకుని కూర్చునేదాన్ని. బియ్యం ఏరుకుంటూనో, వత్తులు చేసుకుంటూనో, మధ్యమధ్యలో పిలిచేదాన్ని. "నీళ్ళు సాలినయా?" "ఆ, సాలినయ్." "యే ఊరు మీది?" "కట్టంగూరు." "వానలు వడ్డయా?" మాట తిరిగి వస్తే మనిషి బాగున్నట్టు. మాట మందగిస్తే తలుపు బాదేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్ళు, కొందరు నాకు మతి చెడిందనుకునేవాళ్ళు. అనుకోనీ.

ఒక మాట చెప్పాలి. ఆ పలకరింపు వాళ్ళ ప్రాణం కోసమే మొదలుపెట్టాను గానీ, పోనుపోను నా ప్రాణానికే అలవాటైంది. నుదుట బొట్టు లేనిదాన్ని, చేతులకు గాజులు లేనిదాన్ని. దర్శనానికి బయల్దేరేవాళ్ళు నా ముఖం చూడటానికి జంకేవాళ్ళు. పొద్దున్నే ఎదురుపడితే గుమ్మంలోకి వెనక్కి పోయి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. అదే మనుషులు తలుపు అవతల ఉంటే, నా ముఖం కనపడదు కాబట్టి, ఎంత చక్కగా మాట్లాడేవాళ్ళో! కూతురి కాన్పు సంగతి, ఎద్దు కాలు విరిగిన సంగతి, అత్త పెట్టే ఆరళ్ళు, అన్నీ నాకు చెప్పేవాళ్ళు. నవ్వేవాళ్ళు. గడియ చప్పుడు కాగానే నేనే లేచి నా గదిలోకి పోయేదాన్ని. బయటికి వచ్చి నన్ను చూసి వాళ్ళ నవ్వు ఆగిపోవడం నాకు ఇష్టం ఉండేది కాదు. అట్లా ఎందరినో గొంతుతోనే ఎరుగుదును. ముఖాలు తెలియవు.

అరవైలలో ఒక ఏడు, మార్గశిరం చలిలో, మహబూబ్‌నగర్ వైపు నుంచి గొర్రెలు కాసుకునేవాళ్ళ కుటుంబం ఒకటి వచ్చింది. ఒక ముసలామె, ఆమె కొడుకు, కోడలు, కోడలి చేతిలో మూడో నెల పిల్లవాడు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోగా ఈ ఒక్కడు నిలిచాడట. మూడో నెలలో తెచ్చి స్వామి గడప మీద పడుకోబెడతానని ముసలామె మొక్కుకుందట. నేను గది తలుపు తీసి ఇస్తుంటే ముసలామె నా నుదురు చూసింది, గబుక్కున పిల్లవాడి ముఖం మీద కొంగు కప్పింది.

"ఏమనుకోకు పిల్లా. పసిగుడ్డు. మాకున్నది గీ ఒక్కడే" అంది.

"నేనేమనుకుంట అవ్వా? మీరు పైలంగ ఉండుండ్రి" అన్నాను. అనుకున్నాను, ఎందుకనుకోను. లోపలికి పోయి పొయ్యిలో కట్టెలు కాస్త గట్టిగానే విరిచాను.

కోడలు పిల్లకు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ముఖం పాలిపోయి ఉంది. తలకు, చెవులకు కలిపి గుడ్డ కట్టారు, చెవుల్లో దూది. బాలింత ఒంట్లోకి గాలి పోకూడదని మా దిక్కు అందరూ అట్లాగే చేస్తారు. ఆ పిల్ల అత్త భుజం మీదుగా నన్ను చూసి నవ్వింది. ఆ రోషంలో నాకు తిరిగి నవ్వాలని కూడా తోచలేదు.

ఆ సాయంత్రం ముసలామె పిల్లవాణ్ణి పట్టుకుని గదిలో కూర్చుంటే, కోడలు ఒక్కతే కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళగదిలోకి వచ్చింది. నేను ఎప్పటిలాగే పీట వేసుకున్నాను.

"నీళ్ళు ఏడిగున్నయా బిడ్డా?"

దూది పెట్టుకున్న చెవులాయె, వినపడిందో లేదో అనుకున్నాను. కాసేపటికి, "మంచిగున్నయక్కా" అని సన్నగా వచ్చింది. తర్వాత ఆ పిల్లే అడిగింది. "గింత ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటవా అక్కా?"

"ఒక్కదాన్నే."

"బుగులైతలేదా?"

అన్నేళ్ళలో తలుపు అవతల నుంచి వాళ్ళ సంగతులు చెప్పినవాళ్ళే గానీ నా సంగతి అడిగినవాళ్ళు లేరు. నేను ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే గదిలోంచి ముసలామె కేక వేసింది. "నోరు మూస్కోయే! బాలింతవు నోరు దెరుస్తవా? గాలి వోతది లోపల్కి!" ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు. బుగులైతదో కాదో, భయమేస్తుందో లేదో, ఆ రాత్రంతా నాలో నేనే జవాబు చెప్పుకున్నాను. అయితది. గాకెట్లుంటది.

తెల్లారి కొడుకు తలనీలాలు ఇవ్వడానికి గుట్ట మీదికి పోయాడు. అతను వచ్చేలోపు కోడలికి తలంటి పోయాలని ముసలామె సిద్ధమైంది. నేను నీళ్ళు కాగబెట్టి వచ్చేసరికి ఆమె నీళ్ళగదిలో బండ మీద నిలబడి, గవాక్షిలోకి గొంగడి కుక్కుతోంది. మామూలు గొంగడా అది! వానలో మంద వెంట నడిచినా చుక్క నీరు లోపలికి రానివ్వని నల్లగొంగడి, దాన్ని మడతలు పెట్టి బిగించింది. ఇంకో గొంగడి తలుపుకు లోపలివైపు వేలాడదీసింది, కింది సందు కూడా కనపడకుండా. అన్నేళ్ళుగా గుడ్డలు చూశాను గానీ అంత గట్టి మూత ఎవరూ వేయలేదు.

"అవ్వా, తియ్యి గది! లోపల నిప్పులున్నయి. గాలి లేకుంటె మనిషికి సోయి పోతది. నాకు పోయింది ఒకపారి" అన్నాను.

"నిప్పుంటెనే బాలింతకు మంచిది. చల్లగాలి కొడితె సంది గొట్టి పానం మీదికొస్తది. మా వాడల బాలింతలందరికి గిట్లనే పోసిన."

"మీ ఊర్ల తడికెల సాటున పోస్తరవ్వా, గాలి ఆడుతది. ఇది సున్నపు గోడ."

నేను బండ ఎక్కి గొంగడి లాగబోయాను. ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కోపంగా కూడా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టే అంది. "నువ్వు కన్నవా, పెంచినవా? బాలింత సంగతి నీకేమెరుక?"

నా చెయ్యి దానంతట అదే గొంగడిని వదిలేసింది. బండ దిగి, పటకారు తీసుకుని బాయిలర్ గొట్టంలోని నిప్పులన్నీ కింది బూడిద తట్టలోకి లాగాను. "నీళ్ళు మస్తుగ కాగినయి. గియ్యే పోస్కోండ్రి. నిప్పులు మాత్రం ముట్టకుండ్రి. నేను పిలుస్తుంట, పలుకాలె" అన్నాను. తట్టను బయటికి తెచ్చి గోడ మూల బోర్లించాను.

"పలుకుత తియ్యి" అంది ముసలామె.

పిల్లవాణ్ణి గదిలో చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, ఆ గది దిక్కు పోవద్దని నాకు చెప్పి, అత్తా కోడళ్ళు లోపలికి పోయి గడియ పెట్టుకున్నారు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి పీట మీద కూర్చునేసరికి గోడ మూల నిప్పులు లేవు. పక్కనున్న బొగ్గుల సంచి సగమైంది. బాలింత స్నానానికి బిందెలకు బిందెలు కావాలి కదా. నీళ్ళు చల్లారతాయని, నేను అటు తిరగగానే ముసలామె బయటికి వచ్చి నిప్పులన్నీ ఎత్తుకుపోయి, మీద కొత్త బొగ్గులు పోసి, సాంబ్రాణి కూడా వేసుకుంది. తలుపు సందుల్లోంచి రావాల్సిన ఆ సాంబ్రాణి వాసన కూడా గొంగడిలోంచి అంతంత మాత్రమే వస్తోంది. తలుపు బాదాను.

"అవ్వా! నిప్పులెందుకు దీస్కపోయినవ్? తలుపు దియ్యి!"

"ఉన్నమే, సావలే! పొయ్యి కాడికి వో!"

జవాబైతే వచ్చింది. నేను లేవలేదు. నీళ్ళు పోసే చప్పుడు వింటున్నాను. కాసేపటికి మళ్ళీ పిలిచాను. "ఊఁ" అంది. తర్వాత నీళ్ళ చప్పుడు ఆగింది. ఒళ్ళు తుడుస్తోందేమో అనుకున్నాను, సాంబ్రాణి పొగ పట్టిస్తోందేమో అనుకున్నాను. "అవ్వా" అన్నాను. పలకలేదు. నా మీద కోపమేమో. "బిడ్డా, నువ్వన్న పలుకు" అన్నాను. ఆ పిల్లను మాట్లాడొద్దన్నారు, పైగా చెవుల నిండా దూది. పలకకపోవడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నీ నాకు తోచాయి, ఒక్కటీ నిలవలేదు.

అంతలో గదిలో పిల్లవాడు లేచాడు. ముందు చిన్నగా, తర్వాత ఆకలికి గుక్కపట్టి ఏడ్చాడు. దూది ఉన్నా, గొంగడి ఉన్నా, ఆ ఏడుపు వినపడని తల్లి ఉండదు. అన్ని కాన్పులు పోగొట్టుకుని ఈ ఒక్కణ్ణి దక్కించుకున్న తల్లి, ఒంటి మీద బట్ట ఉన్నా లేకున్నా ఉరికి రావాలి. రాలేదు. కనలేదు పెంచలేదు గానీ ఆ మాత్రం నాకు తెలుసు.

రోకలి తెచ్చి తలుపు మీద కొట్టాను. "ఓ అవ్వా! ఓ బిడ్డా!" అని అరుస్తూనే కొట్టాను. వీధిలోకి కూడా అరిచాను, ఎవరైనా వస్తారేమోనని. గుట్ట మీద హారతి వేళ, మా వైపు పిట్ట లేదు. పలక విరిగి గడియ ఊడింది. తలుపుకున్న గొంగడి నా మీదే పడింది, దాన్ని తన్నుకుంటూ లోపలికి పోయాను. ముసలామె గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. ఆమెను దాటకుండా రెండో మనిషిని తేలేను. చంకల కింద చేతులు పెట్టి వాకిట్లోకి ఈడ్చాను. ఒక్క గుక్క గాలి పీల్చి మళ్ళీ లోపలికి పోయాను. ఆ పిల్ల బండకు ఆనుకుని, తల వాల్చేసి కూర్చుని ఉంది. చేతిలో చెంబు పట్టుకునే ఉంది. తడి ఒళ్ళు జారిపోతోంది. జుట్టు పట్టుకుని లాగానో, చెయ్యి పట్టుకుని లాగానో నాకు తెలియదు.

ఇద్దరినీ గొంగడి మీద పడుకోబెట్టి చన్నీళ్ళు కొట్టాను. చెంపలు వాయించాను. చేటతో విసిరాను. "పలుకు బిడ్డా, పలుకు, నీకు దండం పెడ్త" అని దాని చెవిలో దూది పీకి మరీ అరిచాను. ముసలామె మూలిగింది, వాంతి చేసుకుంది. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. లోపల పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు రాసుకుపోయింది. ఆ గడప దగ్గరికి పోయి ఆగాను. నా నీడ కూడా వాడి మీద పడకూడదని వాళ్ళు కోరుకున్నారు. ఏమైతే అదైందని లోపలికి పోయి వాణ్ణి ఎత్తుకున్నాను. వెచ్చగా ఉన్నాడు. పాల వాసన వేశాడు. నా రవిక పట్టుకుని నోటితో వెతికాడు. అయ్యో నా తండ్రీ, ఇక్కడేముందిరా అనుకున్నాను. అంత పనిలోనూ, అంత భయంలోనూ నాకు ఏడుపొచ్చింది.

తెచ్చి తల్లి రొమ్ముకు అందించాను. వాడు పట్టుకున్నాడు. చాలాసేపటికి ఆ పిల్ల వేళ్ళు కదిలాయి, వాడి వీపు మీదికి పాకాయి. నేను నేల మీద కూలబడ్డాను.

అప్పుడే ముసలామెకు తెలివొచ్చింది. కళ్ళు తెరిచి ఆమె చూసింది ఏమిటి? సోయి లేకుండా పడున్న కోడలు, విరిగిన తలుపు, మనుమడి మీద నా చెయ్యి. "తియ్యి! చెయ్యి తియ్యి!" అని కీచుగా అరిచింది. "నీ కండ్లు వడ్డయి! పొద్దుగాల్నే నీ మొకం జూసినం, గందుకే గిట్లయింది!"

"నా కండ్లు గాదు, నీ గొంగడి!" అని నేనూ అరిచాను. "నిప్పులు ముట్టొద్దని జెప్తినా లేదా?" ఇంకా ఏమేమో అందును గానీ, ఆ ముసలామె పాకుతూ పోవడం చూశాను. కోడలి పాదాలు పట్టుకుని రుద్దుతోంది. అంత భయం పెట్టుకున్న మనిషి ఆ భయాన్ని ఎవరో ఒకరి మీద వేయాలి. దగ్గర్లో నేనున్నాను. లేచి పోయి మాడిన పప్పు దించాను.

గుండుతో కొడుకు తిరిగొచ్చాడు. తల్లి చెప్పింది విన్నాడు, తలుపు చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. తానొక్కడే పిల్లవాణ్ణి పైకి తీసుకుపోయి స్వామి గడప మీద పడుకోబెట్టి తెచ్చాడు. మధ్యాహ్నానికి కోడలు కూర్చోగలిగింది. ఆ ఇంట్లో ఇంకో పూట ఉండనని ముసలామె పట్టుబట్టింది. వీధిలో జట్కా వచ్చి ఆగింది.

ఎవరు ప్రయాణమైనా నేను చేసే పని ఒకటుంది. వాళ్ళు గడప దాటకముందే నా గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటాను. విధవ ఎదురొచ్చిందన్న మాట పడకుండా. ఆ రోజు కూడా అట్లాగే పోయాను. గుట్ట కింద ఇల్లిళ్ళకూ ఈ కథ పాకుతుందనీ, ఇక నా గదులకు ఎవరూ రారనీ, పీట వేసుకుని పలకరించడానికి గొంతు కూడా మిగలదనీ అనుకుంటూ చీకట్లో నిలబడ్డాను. మూటలు ఎక్కిస్తున్న చప్పుడు విన్నాను. "ఎక్కు, జల్దెక్కు" అని ముసలామె అంటోంది.

నా తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది. తలకు గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు.

"నువ్వు పిలిచిందంత ఇనవడ్డదక్కా" అంది. గొంతు సరిగా రావడం లేదు. "పలుకుదమంటె నోరు రాలే. నువ్వు ఇంక పిలుస్తనే ఉన్నవు."

జట్కా దగ్గరి నుంచి ముసలామె కేక వేసింది. "అటెందుకు పోయినవే? పయనమప్పుడు దాని మొకం జూస్తవా?"

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. నా చెయ్యి పట్టుకుంది. "బయటికి రా అక్కా" అంది. "మా బండికి ఎదురు రా. నీ మొకం జూసి పోత."

నేను వెనక్కి లాక్కున్నాను. వద్దన్నాను. పసివాడున్నాడు, అత్త ఏమంటుందో అన్నాను. ఆ పిల్ల వదల్లేదు. వాకిలి దాటించి, ముసలామె ముందు నుంచే నడిపించి, వీధి మలుపు దగ్గర గుర్రానికి ఎదురుగా నిలబెట్టింది. తర్వాత గోడ పట్టుకుంటూ పోయి బండెక్కింది. పిల్లవాణ్ణి అత్త ఒడిలోంచి తీసుకుని, కొంగు తొలగించి, వాడి ముఖం నా వైపు తిప్పి పట్టుకుంది. ముసలామె కొంగు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. జట్కావాడు నన్ను చూసి, ముసలామెను చూసి, పగ్గాలు కదిలించాడు. బండి నా పక్క నుంచి పోయింది.